విమానాలు వినపడని కారు

మా బావ తన స్పోర్ట్స్ కారులో సబ్ వూఫర్ పెట్టించుకున్నది పాటలు వినడానికి కాదు. నెత్తి మీద నుంచి పోయే విమానం లోపల కూర్చున్నవాళ్లకు వినపడకుండా చేయడానికి. ఆ పని దగ్గరుండి చేయించిన నాకే ఈ సంగతి ఆఖరుదాకా తెలియదు. తెలిసే వేళకు ఆ కారు ముందు సీట్లో ఒక మనిషి నిద్రపోతున్నాడు. అతని పగటి నిద్ర కోసమే అతని భార్య, ఇన్నేళ్లు కూడబెట్టుకున్న డబ్బులోంచి బయానా తీసి మా బావ చేతిలో పెట్టబోతోంది.

బావ మొదట ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. వెనక కూర్చున్నవాళ్లు ఫోన్లలో ప్లాట్ల గురించి మాట్లాడుకుంటుంటే వినీ వినీ, ఆ మాటలు తనకూ వచ్చేశాయని నమ్మాడు. ఇప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెడతాడు. మెడలో గొలుసు వచ్చింది, చొక్కా తెల్లబడింది, మా అక్కతో మాట్లాడేటప్పుడు కూడా ‘లొకేషన్’ అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత కారు వచ్చింది. ఎర్రటిది, రెండు తలుపులది. ముందు ముగ్గురు నడిపి, విసిగి, వదిలించుకున్నది.

ఆ కారు గురించి నా అభిప్రాయం ఇది. దాని అడుగుకు, నేలకు మధ్య జానెడు కూడా లేదు, మా వీధి స్పీడ్ బ్రేకర్ మీద దాన్ని పాములాగా ఏటవాలుగా పాకించాలి. వెనక సీటు మోకాళ్లను ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ల కోసం చేసింది. డ్రైవరు సీటో, పక్క సీటో ముందుకు వాలిస్తే తప్ప వెనక ఉన్నవాడు దిగలేడు. గంటకు రెండు వందల కిలోమీటర్లు పోగలిగే ఆ యంత్రం రోజంతా వెంచర్లలోని మొరం రోడ్ల మీద ఎద్దుబండి కంటే నెమ్మదిగా, దుమ్ములో మునిగి తిరుగుతుంది. బావ సిద్ధాంతం వేరు. “మామూలు కార్ల తీస్కపోతే ప్లాటు చూస్తర్రా. దీంట్ల తీస్కపోతే కారు చూస్తరు.” తను అమ్మే సరుకు గురించి ఇంత నిజం అతను ఇంకెప్పుడూ చెప్పలేదు.

నేను కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. యంత్రాల భాగాలు ఎంత వణుకుతున్నాయో, ఎంత మోత చేస్తున్నాయో కొలిచి రాయడం నా ఉద్యోగం. మోతను తగ్గించడానికి చదువుకున్నవాణ్ణి కనుక, డబ్బిచ్చి మోతను కొనుక్కునేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. వాళ్లలో రకాలున్నాయి. సిగ్నల్ దగ్గర అద్దాలు దించి, తమ అభిరుచిని అందరికీ ఉచితంగా పంచేవాళ్లు ఒక రకం. పాట ఏదైనా సరే, వీపుకు గుద్దు తగిలితేనే సంగీతమనుకునేవాళ్లు ఇంకో రకం. మూడో రకం చిన్నది, ప్రమాదకరమైనది: పెద్ద పెట్టె పెట్టించాక అది ఎందుకు పెట్టించారో తమకే తెలియక, ఇతరుల కార్లలో ఇంకా పెద్దది ఉందేమోనని చూసుకుంటూ బతికేవాళ్లు. బావ మొదటి రకంలోకి వస్తాడని అనుకున్నాను. తప్పు. అతని కోసం కొత్త రకం తెరవాల్సి వచ్చింది.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, టీ తాగుతూ అడిగాడు.

“బామ్మర్ది, బయటికి వినపడకున్నా మంచిదే. లోపల కూసున్నోనికి లోపలి పాట తప్ప ఇంకోటి వినపడొద్దు. గట్ల పెట్టొచ్చా?”

నాకు సంతోషం వేసింది. బావ తన జీవితంలో అడిగిన మొదటి సరైన ప్రశ్న అది. బయటి మోత లోపలికి రాకూడదు, లోపలి మోత బయటికి పోకూడదు. మా వృత్తి మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది.

“పెట్టొచ్చు బావా. కానీ తలుపులు విప్పాలి, లోపల మందపాటి షీట్లు అతికించాలి. పెట్టె మూసినది పెట్టాలి, గొట్టం ఉన్నది కాదు. చేసేవాడికి ఓపిక ఉండాలి.”

“ఓపిక నీకున్నది గదా. నువ్వు నిలబడు.”

నిలబడ్డాను. హైవే పక్కన కార్లకు సీటు కవర్లు, అద్దాలకు నల్ల కాగితాలు, రకరకాల హారన్లు బిగించే దుకాణం అది. దుకాణదారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఆ దెబ్బల్లో అతనికేం తెలిసిందో నాకు తెలియదు, అతనికీ తెలియదు.

“సాబ్, పన్నెండు ఇంచులయి రెండు ఏస్త. నంబర్ ప్లేటు ఊడి కింద పడాలె. పడకపోతే పైసల్ వాపస్.”

“నంబర్ ప్లేటు ఊడితే పని బాగా చేసినట్టా?” అన్నాను.

“మరేంది? పబ్లిక్ గదే చూస్తది.”

“ఒక్కటి చాలు. ఎనిమిది ఇంచులది. నంబర్ ప్లేటు కదలకూడదు.”

అతను నన్ను వదిలి బావ వైపు జాలిగా చూశాడు. “ఈ సాబుకు తలకాయ నొప్పి గిట్ల ఉన్నదా అన్నా?”

ఆ రోజంతా అతనితో పోట్లాటే. షీట్లను తలుపు రేకు మీద దుమ్ము తుడవకుండా అతికించబోతే ఆపాను. పెట్టెకు వాడే ప్లైవుడ్ మూలల్లో సందులుంటే గాలి ఈలవేస్తుందని చెప్పి జిగురు మళ్లీ పట్టించాను. “ఈల ఏస్తే పాటల కలిసిపోతది” అన్నాడు. నేను టీకి వెళ్లి వచ్చేలోగా డిక్కీ లోపల నీలం రంగు లైట్లు బిగించేశాడు. దరువుకు తగ్గట్టు అవి వెలిగి ఆరుతాయి. డిక్కీ మూస్తే ఎవరికీ కనపడవు, మూయకుండా కారు నడపలేరు. ఆ సంగతి చెబితే, “ఉండనీ సాబ్, గిఫ్టు” అన్నాడు.

చివరికి పని మాత్రం శుభ్రంగా వచ్చింది. అద్దాలు ఎత్తి పాట పెడితే, దరువు డిక్కీలోంచి కాకుండా కారు మధ్యలో గాలిలోంచి పుట్టినట్టుంది. హైవే మీద లారీ పోతుంటే కళ్లకు కనిపించింది తప్ప చెవికి తగల్లేదు. బావ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత దుకాణం ముందు బైకు సైలెన్సర్ విప్పి బిగిస్తున్న పిల్లవాణ్ణి పిలిచి, కారు పక్కన నిలబడి గట్టిగా రేజ్ చేయమన్నాడు. చేశాడు. వినపడలేదు. “శభాష్ బామ్మర్ది” అని నా తొడ మీద కొట్టాడు. సంగీతం గురించి ఒక్క మాట అనలేదు. అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

తర్వాతి శనివారం పొద్దున నన్నూ రమ్మన్నాడు. “చదువుకున్నోడు పక్కన ఉంటే గిరాకీకి నమ్మకం” అన్నాడు. నాకు సెలవు. సబ్ ఎలా పాడుతోందో చూద్దామని వెళ్లాను.

కొనడానికి వచ్చినవాళ్లు భార్యాభర్తలు. అతను ఎయిర్‌పోర్టు కార్గో గోదాములో రాత్రిపూట సరుకు ఎక్కించి దించే పని చేస్తాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. మనిషి పొడుగు, కళ్ల కింద నలుపు. ఆమె ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేస్తుంది. చేతిలో చిన్న సంచి, సంచిలో నల్ల అట్ట బైబిలు. కాళ్లు పొడుగని అతన్ని ముందు కూర్చోబెట్టారు. ఆమె, నేను వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకున్నాం.

కారు కదలగానే ఆమె తన అవసరం చెప్పేసింది. మాటలు వెతుక్కోలేదు, చాలా మందికి చెప్పి చెప్పి అరిగిన మాటలవి.

“అన్నా, మాకు పెద్ద ఇల్లొద్దు. ఒక్క అర్ర, గోడలు మందంగ ఉండాలె. ఈయన పగటీలి పండుకోవాలె, గంతే. ఇప్పుడున్న కిరాయి అర్ర రోడ్డు మీదనే. లారీ హారన్ కొట్టినప్పుడల్ల లేచి కూసుంటడు. మొన్న బండి మీద వస్తుంటే కన్ను అంటుకున్నదట. పోయి డివైడర్‌కు తాకిండు. ఆ దేవుడే కాపాడిండు గని…”

“ఊకోవే” అన్నాడు భర్త, ముందుకే చూస్తూ.

“ఎందుకు ఊకోవాలె? చెప్తెనే గదా అన్నకు సమజైతది.”

“సమజైంది అక్కా” అన్నాడు బావ. “నేను చూపించే ప్లాటుల చీమ నడిచినా వినపడ్తది.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చీమ మాట ఆమె నమ్మింది.

శ్రీశైలం రోడ్డెక్కి మంఖాల్ దాటాక బావ పాట పెట్టాడు. అతని పెన్ డ్రైవ్‌లో గిరాకీని బట్టి పాటలుంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంగ్లిష్ మోత, పెద్దవాళ్లకు అన్నమయ్య కీర్తనలు, వీళ్ల కోసం క్రైస్తవ గీతాలు. అన్నిటికీ దరువు ఒకటే. యేసు ప్రభువు కరుణ గురించి ఒక గొంతు మెల్లగా పాడుతుంటే, కింద నుంచి మా ఎనిమిది ఇంచులది వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి సీటును తడిమి చూసి, మర్యాదగా సర్దుకుని కూర్చుంది.

వెంచర్ అంటే ఏముంటుంది. రాళ్లు పాతిన గడులు, ఒక ఆర్చి, నీళ్లు లేక వంగిన మొక్కలు, ‘విల్లాలు’ అని రాసి ఉన్న చోట మేస్తున్న మేకలు. బావ కారును ప్లాటు మధ్యలోకే తీసుకుపోయి ఆపాడు. ఇంజను బంద్ చేయలేదు, ఏసీ బంద్ చేయలేదు, అద్దం దించలేదు. వేలు చాపి, “గీడికెల్లి గాడిదాక మీదే అక్కా. ఎండల దిగుడెందుకు, గిట్ల కూసోనే చూడుండ్రి” అన్నాడు. దరువు ఇంకొంచెం పెంచాడు. రెండు తలుపుల కారు ఎందుకు కొన్నాడో కూడా నాకు అప్పుడే తెలిసింది. అందులో వెనక కూర్చున్నవాడు తనంతట తాను దిగి ప్లాటు మీద నిలబడలేడు.

ముందు సీట్లో భర్త తల మెల్లగా పక్కకు వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నిద్రపోయాడు. అంత మోతలో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

తన అదృష్టాన్ని బావే నమ్మలేకపోయాడు. “చూసినవా అక్కా! గిదీ ప్లాటంటే! వచ్చి రాంగనే కన్నంటుకున్నది. గాలి గట్లాంటిది గీడ!” గాలి ఏసీలోంచి వస్తోంది.

ఆమె ముందుకు వంగి భర్త ముఖం చూసింది. చాలాసేపు చూసింది. “ఎన్ని దినాలకు గిట్ల పండుకున్నడో” అని తనలో తాను అనుకున్నట్టు అంది.

సరిగ్గా అప్పుడే బానెట్ మీద నుంచి ఒక నీడ జారిపోయింది. పెద్ద నీడ, రెక్కలున్నది. రాళ్ల మీద, మేకల మీద నుంచి పాకి పోయింది. మేకలు తలలెత్తాయి. నాకు ఏమీ వినపడలేదు.

విమానం మోతలో పైభాగం సన్ననిది, తలుపులకు అతికించిన షీట్లే దాన్ని ఆపేస్తాయి. కింది భాగం మొండిది, గోడల్నీ దాటి వస్తుంది. దాన్ని కప్పాలంటే అంత బరువైన మోతే ఇంకొకటి కావాలి. సరిగ్గా దాన్నే నేను కొలిచి, జిగురు పట్టించి, సందులు లేకుండా మూసి ఇతని డిక్కీలో పెట్టాను. బావ వైపు చూశాను. అతను అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. కన్ను కొట్టాడు. ఆ కన్ను కొట్టడంలో నన్ను తనతో సమానుణ్ణి చేశాడు. అది నాకు జరిగిన అవమానాల్లో పెద్దది.

నేను నోరు తెరిచేలోగా ఆమె సంచిలోంచి కవరు తీసింది.

“అన్నా, బయానా తెచ్చుకున్న. ఇచ్చేముందు ఒక చిన్న ప్రార్థన చేసుకుంటం.”

“చేసుకో అక్కా, చేసుకో. మనకు అందరు దేవుళ్లు ఒకటే.”

“పాట బంద్ చెయ్యి.”

“దేవుని పాటనే గదా అక్కా. నడవనీ, మంచిగుంటది.”

“పాట వేరే, ప్రార్థన వేరే అన్నా. బంద్ చెయ్యి. మన్ను మీద నిలబడి చెయ్యాలె, జర సీటు వంచు.”

బావ తన ఫోను వైపు చూశాడు. క్యాబ్ నడిపిన రోజులనుంచీ ఏ విమానం ఎప్పుడు దిగుతుందో చూసుకునే అలవాటు అతనికి పోలేదు. చూసి, తర్వాతిది రావడానికి ఇంకా టైముందని నిశ్చింతగా పాట ఆపాడు. ప్రార్థన కొబ్బరికాయ కొట్టినంతసేపే పడుతుందని అనుకున్నాడు. గుళ్లో పూజారి చేత గోత్రం చెప్పించుకుని బయటపడటం తప్ప ఇంకో రకం ప్రార్థన అతను చూసినవాడు కాదు. దిగి, తన సీటు వంచి, ఆమెను బయటికి రానిచ్చాడు. నేనూ దిగాను. భర్త నిద్రలోనే ఉన్నాడు.

ఆమె చెప్పులు విడిచి, కొంగు తల మీద కప్పుకుని, కవరు రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంది. బావ కూడా చేతులు కట్టుకుని, ఒక కన్ను మాత్రమే మూశాడు.

ఆ ప్రార్థన చిన్నది కాదు. ముందు ప్రభువుకు స్తోత్రం. తర్వాత ఆమె అత్తమామలు, వాళ్ల మోకాళ్లు. తర్వాత పాస్టరు గారు, ఆయన దవాఖాన ఖర్చులు. తర్వాత హోటల్లో తనతో పనిచేసే ఆడవాళ్లు ఒక్కొక్కరే. ఈ నేలను పూర్వం దున్నినవాళ్లు ఎక్కడున్నా చల్లగా ఉండాలని అడిగింది. ప్లాటు చూపించిన అన్న, అన్న ఇంటివాళ్లు, ఆయన ఎర్ర కారు ఏ ఆపదా లేకుండా తిరగాలని అడిగింది. నన్ను కూడా వదల్లేదు, “ఈ చదువుకున్న తమ్ముణ్ణి” అని ఆశీర్వదించమంది. బావ ఫోను వైపు చూసుకుంటూ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మారుస్తున్నాడు.

“తండ్రీ, నీ బిడ్డ రాత్రంత మోస్తడు, పగలు కన్ను మూత పడదు. ఈ జాగల ఆయనకు నెమ్మది దయచెయ్యి…”

వచ్చింది. ముందు నేల వణికింది, తర్వాత చెవులు. చక్రాలు దించుకుని, కిటికీలు కనపడేంత కిందికి. తెరిచి ఉన్న తలుపులోంచి మోత కారులోకి పోయింది.

భర్త ఎగిరిపడ్డాడు. ఒక చేయి ఐడీ కార్డు మీదికి, ఇంకో చేయి తలుపు మీదికి పోయాయి. “బండి వచ్చిందా? బండి వచ్చిందా?” అంటూ బయటపడి, ఎత్తాల్సిన పెట్టెల కోసం చుట్టూ వెతికాడు. రాళ్లు, మేకలు కనపడ్డాక ఎక్కడున్నాడో గుర్తొచ్చినట్టుంది. నిలబడ్డచోటే ముఖం తుడుచుకున్నాడు. వెనకే ఇంకొకటి వచ్చింది. ఈసారి అతనికి తెలుసు, అయినా భుజాలు అదిరాయి.

ఆమె కళ్లు తెరిచి భర్తను చూసింది, ఆకాశం చూసింది, కారును చూసింది. మళ్లీ కళ్లు మూసుకుంది. ప్రార్థన ఆపలేదు, దారి మార్చింది.

“ప్రభువా, కవరు నా చేతిల ఉండంగనే చెవులు తెరిపించినవ్, నీకు స్తోత్రం. పాట బంద్ చేపిచ్చినవ్, నీకు స్తోత్రం. ఈ అన్నకు కూడ మంచి బుద్ధి, అబద్ధం లేని గిరాకీ దయచెయ్యి తండ్రీ. ఆమెన్.”

“ఆమెన్” అన్నాడు భర్త.

బావ నోట్లోంచి కూడా అలవాటుగా ఏదో వచ్చింది. తనను తిరస్కరించిన మాటలు తనతో అన్నవి కావు కాబట్టి జవాబు చెప్పే వీల్లేదు. అయినా ఆమె కవరు సంచిలో పెట్టుకుంటుంటే చూడలేక, నా వైపు తిరిగాడు.

“అక్కా, ఇయ్యాల గాలి గిటు మర్లింది గనక. గీ విమానాలు రోజు ఉండయి. కిటికీలకు డబుల్ అద్దాలు ఏస్తే అయిపాయె. ఇంజనీర్ ఉన్నడు, అడుగుండ్రి. చెప్పురా.”

భర్త నన్ను అడిగాడు. నమ్మడానికి సిద్ధంగా ఉన్న ముఖంతోనే అడిగాడు. “వినపడదా తమ్మీ, అద్దాలేస్తే?”

“వినపడుతుంది. గాలి ఇటు ఉంటే దిగేవి పోతాయి, అటు ఉంటే ఎగిరేవి పోతాయి. సన్న మోత అద్దాలకు ఆగుతుంది. నేల వణికేది ఆగదు, గోడల్లోంచి వస్తుంది. మీకు ఇక్కడ నిద్ర పట్టదు.”

“గిందుకేనా నిన్ను చదివిచ్చింది?” అన్నాడు బావ. నన్ను చదివించింది మా నాన్న.

తిరుగు ప్రయాణంలో బావ పగబట్టినట్టు పాట పెట్టలేదు. షీట్లు అతికించిన తలుపులు, మూసిన అద్దాలు, నలుగురు మనుషులు. భర్త కళ్లు మూసుకుంటాడు, ఏదో ఒక హారన్‌కు తెరుస్తాడు. మంఖాల్ దగ్గర ఆమె ముందుకు వంగింది.

“అన్నా, గా పాట పెట్టరాదు.”

“ఎందుకక్కా, ఇగ పాటెందుకు?”

“రాత్రంత గోదాముల మిషిన్ల మోతనే, ఆయనకు అలవాటు. ఒక్కతీర్గ మోగితే పండుకుంటడు. నడుమ నడుమ వచ్చేదే ఆయనకు పడది. ప్లాటు ఒద్దు గని అన్నా, గా డబ్బ అమ్ము, గిరాకీ మస్తుంటది.”

బావ పళ్లు కొరుక్కుంటూ పెట్టాడు. ప్రభువు కరుణ మళ్లీ మొదలైంది. స్పీడ్ బ్రేకర్ రెండోది వచ్చేలోగా భర్త తల కిటికీకి ఆనింది.

వాళ్ల గది శంషాబాద్‌లో హైవే పక్క సందులో. రేకుల కప్పు, వీధిలోకే తలుపు. బావ కారు ఆపి పాట మీదికి చేయి పోనిచ్చాడు. ఆమె ఆ చేయి పట్టుకుంది.

“ఆపకన్నా. లేస్తడు. జరసేపు ఉండనీ.”

బావకు ఇంకో గిరాకీ ఉంది, బెంగళూరు రోడ్డు మీద ఎదురుచూస్తోంది. ఫోను మోగింది, కట్ చేశాడు. మళ్లీ మోగింది, కట్ చేశాడు. దయ అనడానికి నాకు మనసొప్పదు. ఆమెకు ఇంకో వెంచర్‌లో ప్లాటు చూపించవచ్చన్న ఆశ అతని ముఖంలో ఇంకా కనిపిస్తూనే ఉంది. కానీ కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది, డిక్కీలో ఎవరికీ కనపడని నీలం లైట్లు వెలిగి ఆరుతున్నాయి. కరుణ పాట అయిపోతే మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

బయటికి వినపడకుండా చేశాననుకున్నది నా లెక్క. నేల వణికేది ఆగదని అంతకుముందే నేనే చెప్పాను. రెండు పక్కల రేకులూ గలగలమన్నాయి. ఎదురింట్లోంచి లుంగీ కట్టుకున్న పెద్దాయన దువ్వెన పట్టుకుని బయటికి వచ్చాడు. వచ్చి కారు పైకప్పు మీద చరిచాడు. బావ అద్దం వేలెడంత దించాడు.

“ఏందయ్యా గీ లొల్లి? పొద్దుగాల్నే బారాత్ పెట్టినవా? కిటికీలు ఊడిపడ్తున్నయ్! బంద్ చెయ్యి!”

బావ కంగారుగా ముందు సీటు వైపు చూశాడు. భర్త కదల్లేదు. అప్పుడు బావ, ఎర్ర కారులో, ఆ సందు మొత్తాన్ని వణికిస్తున్న మోత మధ్యలో కూర్చుని, పెదవుల మీద వేలు పెట్టుకుని పెద్దాయన్ను కసిరాడు.

“షూ… మెల్లగ మాట్లాడు పెద్దమనిషీ. మనిషి పండుకున్నడు, కనపడ్తలేదా?”